లిథియం-సల్ఫర్ సెల్ మొరాయిస్తోందా? ముందు కార్బన్ రంధ్రాలు చూడండి

ఈ సెల్‌లో సల్ఫర్‌ను కార్బన్ రంధ్రాల్లో నింపి వాడతారు. సెల్ సరిగ్గా పనిచేయకపోతే చాలామంది వెంటనే ఇంకా ఎక్కువ ఉపరితల వైశాల్యం ఉన్న కార్బన్ కోసం వెతుకుతారు. చాలాసార్లు తేడా వైశాల్యంలో ఉండదు, రంధ్రం ఎంత వెడల్పుంది, లోపల ఎంత ఖాళీ మిగిలింది అన్నదాంట్లో ఉంటుంది.

సమస్య: డిశ్చార్జ్ మొదట్లో బాగానే ఉంటుంది, కానీ 2.1 వోల్టుల దగ్గర నిలకడగా సాగాల్సిన గీత మధ్యలోనే కూలిపోతుంది.
కారణం సాధారణంగా అత్యాశ, అంటే రంధ్రాల నిండా సల్ఫర్ కూరేయడం. సల్ఫర్ లిథియం సల్ఫైడ్‌గా మారేటప్పుడు సుమారు 80 శాతం ఉబ్బుతుంది, పైగా అది కరెంటును దాదాపు పోనివ్వదు, దాంతో దారులు మూసుకుపోయి లోపలి సల్ఫర్ వాడకుండానే మిగిలిపోతుంది. లెక్క వేసుకోండి: గ్రాము కార్బన్‌లో రంధ్రాల ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటర్ అయితే, సల్ఫర్ సాంద్రత ఘన సెంటీమీటర్‌కు 2.07 గ్రాములు, ఉబ్బితే 1.8 రెట్లు అవుతుంది కాబట్టి 2.07ను 1.8తో భాగిస్తే 1.15 గ్రాముల సల్ఫర్, అదే గరిష్ఠం. అంటే మిశ్రమంలో 53 శాతం. 70 శాతం నింపాలంటే అంతకు రెట్టింపు ఖాళీ ఉన్న కార్బన్ కావాలి, వేరే దారి లేదు.

సమస్య: చార్జింగ్ ఎంతకీ ముగియదు, ఇచ్చినంత కరెంటు తిరిగి రాదు, సైకిల్ సైకిల్‌కీ కెపాసిటీ తగ్గుతుంది.
ఇది షటిల్. పాలీసల్ఫైడ్లు, అంటే సల్ఫర్ లిథియం సల్ఫైడ్‌గా మారే దారిలో మధ్యలో ఏర్పడే పదార్థాలు, ఎలక్ట్రోలైట్‌లో (సెల్ లోపలి ద్రవంలో) కరిగి లిథియం ఎలక్ట్రోడ్ వైపు వెళ్లి, అక్కడ చర్య జరిపి మళ్లీ వెనక్కి వస్తుంటాయి. 50 నానోమీటర్లు దాటిన రంధ్రాలు వాటిని ఆపలేవు, కొన్ని నానోమీటర్లవి అయితే కొంత పట్టి ఉంచుతాయి. ఉత్త కార్బన్‌కు వీటిమీద పెద్ద పట్టు ఉండదు కాబట్టి నైట్రోజన్ చేర్చిన కార్బన్ వాడి చూడండి. ఎలక్ట్రోలైట్‌లో లిథియం నైట్రేట్ ఉందో లేదో కూడా చూడండి, అది లిథియం మీద రక్షణ పొర కడుతుంది, కాకపోతే మెల్లగా ఖర్చయిపోతుంది.

సమస్య: కార్బన్ మంచిదే, అయినా ఎక్స్-రే డిఫ్రాక్షన్‌లో (స్ఫటికాలను గుర్తించే పరీక్షలో) సల్ఫర్ శిఖరాలు పదునుగా కనిపిస్తున్నాయి.
సల్ఫర్ లోపలికి వెళ్లలేదు, బయటే స్ఫటికాలుగా కూర్చుంది. మూత బిగించిన పాత్రలో 155 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచండి. కరిగిన సల్ఫర్ ఆ చుట్టుపక్కలే బాగా పలుచగా ఉంటుంది, 160 దాటితే జిగురులా చిక్కబడుతుంది, ఆవెన్ చూపించే అంకెను మరీ నమ్మకండి.

కార్బొనేట్ ఎలక్ట్రోలైట్ పోసి సెల్ మొదటి సైకిల్‌లోనే పోయిందా? అది పాలీసల్ఫైడ్లతో చర్య జరుపుతుంది. సల్ఫర్ అర నానోమీటర్ స్థాయి రంధ్రాల్లో ఇరుక్కుని ఉంటే తప్ప ఈథర్ ఎలక్ట్రోలైటే వాడండి.