లాక్రోస్ బూట్లు: ఏ నేలకు ఏ సోల్

స్టిక్ కొనేటప్పుడు నలుగురినీ అడిగి, వీడియోలన్నీ చూసి కొనేవాళ్లు కూడా బూట్ల దగ్గరికొచ్చేసరికి రంగు నచ్చితే చాలు అనుకుంటారు. లాక్రోస్‌లో, అంటే చివర వల ఉన్న కర్రతో బంతిని పట్టి విసిరే ఈ ఆటలో, మీరు చేసేదంతా పరిగెత్తడం, ఒక్కసారిగా ఆగడం, డిఫెండర్‌ని తప్పించుకోవడానికి చటుక్కున పక్కకు దూసుకుపోవడం, మళ్లీ పరిగెత్తడం. కాబట్టి మోడల్ సంగతి తర్వాత, ముందు మీ ప్రాక్టీసులు, మ్యాచ్‌లు ఎక్కువగా ఏ నేల మీద జరుగుతాయో చూసుకోండి.

ఒక విషయం మాత్రం మొదటే చెప్పాలి. సోల్ నేలను పట్టుకోవాలి, మీరు తిరిగినప్పుడు వదలాలి కూడా. పట్టు తక్కువైతే జారిపడతామని అందరికీ తెలుసు, ఎక్కువైతే ఏమవుతుందో పెద్దగా ఎవరూ పట్టించుకోరు. నడుము పైభాగం తిరిగిపోతుంది, పాదం మాత్రం నేలలో ఇరుక్కుని అక్కడే ఉంటుంది, ఆ మెలి మొత్తం మోకాలి మీద పడుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే హైస్కూల్ కుర్రాళ్లను మూడేళ్లు గమనించి 1996లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సోల్ అంచు చుట్టూ పొడవాటి స్టడ్స్ (నేలను పట్టే బుడిపెలు) ఉన్న బూట్లు వేసుకున్నవాళ్లకే ఏసీఎల్ గాయాలు ఎక్కువగా కనిపించాయి. ఏసీఎల్ అంటే మోకాలి లోపలుండే లిగమెంట్, అది తెగితే సీజన్ పోయినట్టే. అందుకే పొడుగు స్టడ్స్ ఉంటే మంచి బూటు అనే లెక్క వదిలేయండి.

మామూలు పొడి గడ్డి మైదానానికి సోల్‌తో పాటే అచ్చుపోసిన స్టడ్స్ ఉన్న బూట్లు, అంటే మౌల్డెడ్ క్లీట్స్, చాలు. లాక్రోస్ క్లీట్స్‌లో బొటనవేలి కింద సరిగ్గా ముందుభాగంలో ఒక స్టడ్ ఉంటుంది, పరుగు అందుకునే మొదటి రెండు మూడు అడుగుల్లో దాని విలువ తెలుస్తుంది. సాకర్ బూట్లకు మామూలుగా ఆ ముందు స్టడ్ ఉండదు, బంతిని తన్నేటప్పుడు అది అడ్డం. ఇంట్లో సాకర్ బూట్లు ఉంటే కొత్తలో వాటితో లాగించేయొచ్చు, తప్పేం లేదు. బేస్‌బాల్ మెటల్ స్పైకులు మాత్రం వేసుకుని వెళ్లొద్దు, రిఫరీ ఆడనివ్వరు. ఆడవాళ్ల లాక్రోస్‌లో కూడా ప్లాస్టిక్, రబ్బరు స్టడ్స్‌కే అనుమతి, స్పైకులకు లేదు.

వానపడి మెత్తబడ్డ నేల సంగతి వేరు. అక్కడ మౌల్డెడ్ స్టడ్స్ మధ్య బురద ఇరుక్కుని, కాసేపటికి సోల్ మొత్తం నున్నగా అయిపోతుంది. మరతో బిగించే డిటాచబుల్ స్టడ్స్ పొడుగ్గా, తక్కువ సంఖ్యలో, దూరదూరంగా ఉంటాయి కాబట్టి బురద రాలిపోతుంది. కానీ పైన తడిగా కనిపించిన ప్రతి మైదానమూ మెత్తగా ఉండదు. వార్మప్‌కి ముందు మడమతో గట్టిగా నొక్కి చూడండి. దిగబడితే పొడుగు స్టడ్స్, దిగకపోతే మామూలువే. గట్టినేల మీద పొడుగు స్టడ్స్ వేసుకుంటే బరువంతా ఆ కొద్ది చోట్లే పడి అరికాలు మండిపోతుంది, చీలమండ కూడా ఊగుతుంది.

కృత్రిమ గడ్డిని టర్ఫ్ అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో రెండు రకాలున్నాయి. పొడుగు పోగుల మధ్య ఇసుక, రబ్బరు గుళ్లు నింపిన కొత్తరకం టర్ఫ్ మీద పొట్టి మౌల్డెడ్ స్టడ్స్ బాగా పనిచేస్తాయి. పాతకాలం నాటి, తివాచీలా పొట్టిగా దట్టంగా ఉండే టర్ఫ్ మీద స్టడ్స్ దిగవు, పైన నిలబడి జారతాయి. దానికి సోల్ నిండా చిన్న చిన్న రబ్బరు బుడిపెలుండే టర్ఫ్ షూసే కరెక్ట్. రెండింటి మీదా డిటాచబుల్ స్టడ్స్ వద్దు, చాలాచోట్ల మైదానం వాళ్లే ఒప్పుకోరు. ఇంకో సంగతి, ఎండలో టర్ఫ్ గడ్డి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. పల్చటి సోల్ ఉన్న తేలిక బూట్లలో ఆ వేడి నేరుగా పాదానికి తగులుతుంది, కాస్త మందం ఇన్‌సోల్ (బూటు లోపల పరిచే మెత్త) వేసుకోండి.

హాకీ రింకులాంటి చోట ఆడే బాక్స్ లాక్రోస్‌కి క్లీట్స్ అసలు పనికిరావు. కెనడాలో వేసవిలో ఐస్ హాకీ రింకుల్లో మంచు తీసేసి, కింది కాంక్రీటు మీదే ఆడతారు. ఇలాంటి గచ్చుకు వాలీబాల్, హ్యాండ్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు వేసుకునే కోర్టు షూస్ తీసుకోండి. రన్నింగ్ షూస్‌తో ఆడదామనుకుంటే ఒకసారి ఆలోచించండి, అవి ముందుకు పరిగెత్తడానికి చేసినవి, మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, చటుక్కున పక్కకు తిరిగినప్పుడు పాదం సోల్ మీంచి జారి చీలమండ మెలిపడుతుంది. కోర్టు షూస్ సోల్‌కి దుమ్ము పడితే గ్రిప్ సగం పోతుంది, ఆట మధ్యలో తడిగుడ్డతో తుడుచుకోవడం అలవాటు చేసుకోండి. రింకులో కాంక్రీటు మీద టర్ఫ్ పరిచి ఉంటే మాత్రం టర్ఫ్ షూసే.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆడబోయే సిక్సెస్ ఫార్మాట్‌లో మైదానం 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పే. గోలీ (గోల్‌కీపర్) కాకుండా జట్టుకు ఉండేది ఐదుగురే, అందరూ అటు నుంచి ఇటు పరిగెత్తాల్సిందే. దానికైనా, పెద్ద మైదానంలో ఆడే ఫీల్డ్ లాక్రోస్‌లో మిడ్‌ఫీల్డర్లకైనా బరువు తక్కువుండే, చీలమండ కిందే ఆగే లో కట్ బూట్లకే నా ఓటు. కొందరు డిఫెండర్లు చీలమండ దాకా వచ్చే మిడ్ కట్ ఇష్టపడతారు. హై కట్ వేసుకుంటే చీలమండకి ఇక ఏమీ కాదనుకోకండి, అది కాస్త బిగుతుగా పట్టి ఉంచుతుందంతే. ఇదివరకే చీలమండ బెణికినవాళ్లు బూటుతో సరిపెట్టుకోకుండా ఫిజియోని అడిగి బ్రేస్ (చీలమండకు కట్టే పట్టీ) వాడాలో లేదో తేల్చుకోవడం మేలు. గోలీలైతే బంతి పాదానికి తగులుతుంది కాబట్టి ముందుభాగం గట్టిగా ఉన్నవి చూసుకోవాలి.

సైజు సాయంత్రం చూసుకోండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఆటలో వేసుకునే సాక్స్‌తోనే వేసి చూడండి. వేళ్ల ముందు కొద్దిగా ఖాళీ ఉండాలి, మడమ మాత్రం అస్సలు లేవకూడదు. షాపులో నాలుగడుగులు నడిచి సరే అనేయకండి, పక్కలకు గెంతండి, ఉన్నట్టుండి ఆగండి, ఎవరేమనుకుంటే ఏంటి. పాదం లోపల పక్కకు జరుగుతుంటే ఆ జత వద్దు. వెడల్పు పాదాలకు పెద్ద సైజు తీసుకుంటే పొడవు పెరిగి మడమ వదులవుతుంది, వైడ్ మోడల్ అడగండి. కొత్త జతతో నేరుగా మ్యాచ్‌కి వెళ్తే బొబ్బలు ఖాయం, ముందు ప్రాక్టీసుల్లో వాడండి.

ఒక్క జతకే బడ్జెట్ ఉంటే పొట్టి మౌల్డెడ్ క్లీట్స్ కొనండి, గడ్డికీ కొత్తరకం టర్ఫ్‌కీ రెండింటికీ నడుస్తాయి. ఆట అయ్యాక బురద దులిపి, లోపలి రబ్బరు గుళ్లు పారబోసి, ఇన్‌సోల్ బయటకు తీసి, బూట్లలో పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలోనో హీటర్ దగ్గరో పెడితే అతుకు ఊడుతుంది. డిటాచబుల్ స్టడ్స్ అయితే ప్రతి మ్యాచ్‌కి ముందు బిగించి చూసుకోండి, ఒక్కటి అరిగినా ఆ ఒక్కదాన్నే మార్చేయొచ్చు. మౌల్డెడ్‌లో ఆ వీలు లేదు, ముందు స్టడ్ గుండ్రంగా అరిగిపోయిందంటే పైభాగం ఎంత కొత్తగా కనిపించినా ఆ జతను మార్చాల్సిందే.