పెల్లెట్లు ఉమ్మేసే బెట్టా దారికొచ్చిన విధం (నా అనుభవం)

మా బెట్టా చేప పెల్లెట్‌ను (గుళికలా ఉండే ఎండు మేత) నోట్లోకి తీసుకునేది, కాసేపు చప్పరించి తుపుక్కున ఉమ్మేసేది. షాపులో దానికి బ్లడ్‌వార్మ్స్ (సన్నటి ఎర్ర పురుగులు) తప్ప వేరే అలవాటు చేయలేదు. బ్రాండ్ మార్చడం, వెల్లుల్లి రసం, ఉడికించిన బఠాణీ, అన్నీ దండగే. బఠాణీ ఎవరు చెప్పారో గానీ, ఇది పురుగులు తినే జాతి!

పనిచేసింది ఇది. ముందు హీటర్‌తో నీళ్లను 26–27 డిగ్రీల దగ్గర ఉంచాను. నీళ్లు చల్లబడితే బెట్టాకు ఆకలి మందగిస్తుంది. తర్వాత ఒక రోజు పస్తు. మర్నాడు ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ ముక్కను చిన్న గిన్నెలో వేసి, చెంచాడు ట్యాంకు నీళ్లు పోసి కరగనిచ్చాను. పురుగులు తీసేశాక ఎర్రటి నీళ్లు మిగులుతాయి. అసలు కిటుకంతా వాటిలోనే ఉంది. పెల్లెట్‌ను సగానికి చిదిపి అందులో 10 నిమిషాలు నానబెట్టాను. మెత్తబడ్డాక టూత్‌పిక్ కొనకు అంటించి, నీటి పైభాగాన, సరిగ్గా దాని మూతి ముందు సన్నగా వణికించాను. కదిలితేనే దానికి అది తిండి. ముందొక పురుగు, వెంటనే పెల్లెట్ ముక్క. ఈసారి ఉమ్మలేదు. రానురాను పురుగులు తగ్గించి, నానబెట్టడం కూడా మానేశాను.

అన్నింటికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. మాది మిగతా అన్నింట్లో హుషారే, తిండి దగ్గరే పేచీ. మీది రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉన్నా, పొట్ట ఉబ్బినా అది వేరే సంగతి, ముందు నీళ్లు టెస్ట్ చేయండి. ఉమ్మిన ముక్కల్ని మాత్రం అప్పటికప్పుడే తీసేయాలి, లేకపోతే కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది.