మూసుకున్న దేశంలో సేవ చేసేవారికి గుంటూరు నుంచి అండగా ఉండటం ఎలా?

1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టినప్పుడు ఆయన కోసం సముద్రానికి అవతల కానుకలు పోగుచేసిన విశ్వాసులు ఉన్నారు. 1883లో వచ్చిన మిషనరీ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్‌కూ ఉన్నారు. ఇప్పుడు ఆ వంతు మనది. మా సంఘం నుంచి వెళ్లిన ఒక కుటుంబం బయటివాళ్లను తేలిగ్గా రానివ్వని దేశంలో ఉంది. ఏ దేశమో, ఏం పనో ఇక్కడ రాయను. అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది అదే.

మొదట ఫోన్ అదుపులో పెట్టుకోవాలి. ఒకసారి మేమే వాళ్ల ఫొటో, పేర్లు, ఊరు కలిపి ప్రార్థన పోస్టర్ చేసి వాట్సాప్‌లో పెట్టాం. ప్రేమతోనే పెట్టాం. గంటలో అది తెనాలి, మంగళగిరి గ్రూపుల దాకా పోయింది. డిలీట్ చేయమని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తూ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. ఆ తర్వాత రెండు నెలలు అటునుంచి ఒక్క కబురు లేదు. ఆ కుటుంబంలోని అమ్మాయి తల్లి పడిన టెన్షన్ కళ్లారా చూశాను. అప్పటినుంచి ఆరాధనలో పేర్లు చెప్పం, ‘దూరాన ఉన్న మనవాళ్లు’ అంటాం. యూట్యూబ్ లైవ్ నడుస్తుంటే ఆ ప్రార్థన వరకు మైకు ఆపేస్తాం. శనివారం ఉపవాస ప్రార్థనలో మాత్రం పదిమందిమి కూర్చుని వివరంగా విజ్ఞాపన చేస్తాం.

మెసేజ్ పెట్టేముందు వాళ్ల నియమాలు అడగండి. ఏ యాప్ వాడాలో, ఏ మాటలు రాయకూడదో వాళ్లే చెప్పాలి. మీ అంతట మీరు కోడ్ మాటలు కనిపెట్టకండి, అవే ఎక్కువ అనుమానం తెస్తాయి. ‘ఎండలు మండిపోతున్నాయమ్మా, నాన్నగారు మొన్న ఆవకాయ పెట్టించారు’ అని రాసినా చాలు. ఇంటి కబురు వాళ్లకు ఎంత ముఖ్యమో వాళ్లు వచ్చినప్పుడు చెబితే తెలిసింది.

డబ్బు పంపేదైతే బ్యాంకు దారి తప్ప వేరే దారి వద్దు. ఆర్‌బీఐ పథకం కింద ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు గానీ, ఉత్తర కొరియా లాంటి దేశాలకు ఆ వీలు లేదు. హవాలా జోలికి అసలు పోవద్దు. అది చట్టవిరుద్ధం, పైగా పట్టుబడితే ప్రమాదం వాళ్లకే. వాళ్లను పంపిన సంస్థకు ఇక్కడి ఖాతాలో కట్టి రశీదు తీసుకోండి.

అంతకంటే మేలైన దారి వాళ్ల ఇల్లు చూసుకోవడం. మేం మా స్త్రీల సమాజంలో పని పంచుకున్నాం: ఒకరు నాన్నగారిని కంటి ఆపరేషన్‌కు తీసుకెళ్లారు, ఇంకొకరు కరెంటు బిల్లు కడతారు, విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదువుతున్న వాళ్ల బాబును ఆదివారం భోజనానికి నేను తెచ్చుకుంటాను. అప్పుడు అక్కడున్నవాళ్లు నిశ్చింతగా నిద్రపోతారు. చందా మాత్రం ఏళ్ల తరబడి సాగాలి. కెనడా పాస్టర్ హ్యోన్ సూ లిమ్ 2015లో ఉత్తర కొరియాలో పట్టుబడి 2017 ఆగస్టులో గానీ బయటపడలేదు. అలాంటి రోజుల్లో ఇక్కడి ఇంటికి సాయం ఆగకూడదు.

సామాన్లు: కారప్పొడి, కందిపొడి రెండు కవర్లలో కట్టి ఇవ్వండి. బైబిళ్లు, కరపత్రాలు వాళ్లు అడగకుండా సంచిలో పెట్టకండి. 2014లో జెఫ్రీ ఫౌల్ అనే అమెరికా పర్యాటకుడు ఉత్తర కొరియాలో ఒక బైబిలు వదిలి వచ్చాడని మే నుంచి అక్టోబరు దాకా నిర్బంధించారు.

ఒకవేళ అరెస్టయితే ముందు కుటుంబాన్ని, పంపిన సంస్థను అడగండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వాళ్లు నమోదు చేస్తారు. వాళ్లు సరే అనేదాకా టీవీకి గానీ ఫేస్‌బుక్‌కు గానీ ఎక్కవద్దు.

సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు గన్నవరంలో దండలు, ఫ్లెక్సీలు వద్దు. సాక్ష్యం చెప్పమని సంఘాల చుట్టూ తిప్పకండి. పోయినసారి ఆ అమ్మాయి మా ఇంట్లో గోంగూర పచ్చడి, వేడన్నం తిని మధ్యాహ్నమంతా పడుకుంది. సాయంత్రం లేచి, నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని, తనంతట తానే మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.