పిల్లాపాపలతో మెల్‌బోర్న్ విక్టోరియా మార్కెట్‌కి వెళ్తున్నారా?

మెల్‌బోర్న్‌లో దిగి ఇల్లు, స్కూలు, బ్యాంకు పనులు ఒక కొలిక్కి వచ్చాక చాలా తెలుగు కుటుంబాలు మొదట చూసేవాటిలో క్వీన్ విక్టోరియా మార్కెట్ ఒకటి. 1878లో మొదలైన ఈ మార్కెట్ ఇప్పటికీ సిటీ నడిబొడ్డున పాత రేకుల షెడ్లలోనే నడుస్తోంది. తీరిగ్గా వెళ్తే హాయిగా ఉంటుంది. శనివారం మధ్యాహ్నం ప్రామ్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి), ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న, ఆకలేస్తున్న నాలుగేళ్ల పిల్లాడు, అందరూ ఒకేసారి ఆ జనంలో పడితే మాత్రం చుక్కలు కనిపిస్తాయి.

ముందుగా ఏ రోజు వెళ్తున్నారో చూసుకోండి. సోమవారం, బుధవారం పగటి మార్కెట్ ఉండదు. వేసవిలో, చలికాలంలో కొన్ని వారాల పాటు బుధవారం సాయంత్రం నైట్ మార్కెట్ పెడతారు కానీ, అది తిండి, పాటల సందడి. కూరగాయల కోసం వెళ్లేది కాదు. మిగతా రోజుల్లో కూడా మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకల్లా సర్దేస్తారు. మన ఊళ్లోలాగా సాయంత్రం చల్లబడ్డాక బయల్దేరదాం అంటే కుదరదు.

వారాంతంలో కారు పెట్టడం కష్టం, ఖర్చు కూడా. టార్నీట్, పాయింట్ కుక్, క్రెయిగీబర్న్, ఎటునుంచైనా రైల్లో రావడమే నయం. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర ఎలిజబెత్ స్ట్రీట్‌లో 19, 57, 59 నంబర్ల ట్రామ్ ఏదెక్కినా మార్కెట్ దగ్గర దింపుతుంది. ఈ దారంతా ఫ్రీ ట్రామ్ జోన్‌లోనే ఉంది కాబట్టి ట్రామ్‌లో మైకీ కార్డు (ఇక్కడి రైలు, ట్రామ్ టికెట్ కార్డు) గీకక్కర్లేదు. రైలుకి మాత్రం గీకాల్సిందే. మెట్లున్న పాత ట్రామ్ వస్తే ప్రామ్ ఎత్తడానికి ఇంకొకరు సాయం పట్టండి.

లోపలికి వెళ్లగానే కొనడం మొదలుపెట్టకండి, ముందు తినండి. పాలు, చీజ్, బ్రెడ్ అమ్మే డెయిరీ హాల్లో వేడివేడి బోరెక్‌లు (లోపల కూర పెట్టి కాల్చిన టర్కీ రొట్టెలు) దొరుకుతాయి. పాలకూర-చీజ్‌ది, ఆలుగడ్డది శాకాహారులకి బాగుంటాయి, కాకపోతే మాంసం పెట్టినవీ పక్కనే ఉంటాయి, అడిగి తీసుకోండి. 1950 నుంచి ఇక్కడ ఉన్న డోనట్ వ్యాన్ ముందు క్యూ చూసి భయపడకండి, త్వరగానే కదులుతుంది. పిల్లలకి ఇచ్చే ముందు డోనట్ చీల్చి చల్లారనివ్వండి. లోపల జామ్ పొగలు కక్కుతూ ఉంటుంది.

తర్వాత బట్టలు, బొమ్మలు. ఆ తర్వాత కూరగాయలు. చేపలు, మాంసం చిట్టచివర. ఈ వరస తప్పితే చేపల సంచి పట్టుకుని టోపీలు బేరమాడాల్సొస్తుంది.

బేరం అంటే గుర్తొచ్చింది. టోపీలు, టీషర్టుల దగ్గర రెండు మూడు కలిపి తీసుకుంటే కొంచెం తగ్గిస్తారు. కూరగాయల దగ్గర రాసిన ధరే ధర. అది కిలోకా, ఒక్కోదానికా, సంచికా అన్నది ముందే చదువుకోండి. కొసరు అడిగే పద్ధతి లేదు, కొత్తిమీర కట్ట ఊరికే వేయరు. అన్నిటికన్నా ముఖ్యం, బెండకాయ కొస విరిచి చూడకండి. మామిడిపండు నొక్కినా ఊరుకోరు, ముఖం మీదే అనేస్తారు. "లేతవి ఇవ్వండి", "రేపటికి పండేవి కావాలి" అని నోటితో అడిగితే చాలామంది వాళ్లే మంచివి ఏరి ఇస్తారు. అమ్మకి ఈ సంగతి ట్రామ్‌లోనే చెప్పి ఉంచండి. మామిడిపళ్ల కాలం ఇక్కడ డిసెంబర్, జనవరి అని కూడా చెప్పండి, మే నెలలో వెతికి నిరాశపడకుండా. అమ్మే ఆవిడ నాన్నని "డార్లింగ్" అని పిలిస్తే కంగారు పడొద్దు, అందర్నీ అలాగే పిలుస్తారు.

రొయ్యల దగ్గర ఒక్క క్షణం ఆగండి. నారింజ రంగులో నిగనిగలాడేవి ముందే ఉడికించినవి. అవి తెచ్చి ఇగురు పెడితే రబ్బరు ముక్కల్లా సాగుతాయి. బూడిదరంగువి పచ్చివి, బోర్డు మీద "గ్రీన్" అని రాసి ఉంటుంది. చేపని శుభ్రం చేసి ముక్కలు కొట్టి ఇమ్మంటే ఇస్తారు, పులుసుకని చెప్తే వాళ్లకి అర్థం కాదు కాబట్టి ఎంత మందం కావాలో వేలితో చూపించండి. రైల్లో గంట ప్రయాణం ఉంటే ఐస్ ప్యాక్‌తో కూలర్ సంచి తెచ్చుకోండి. మామూలు సంచులు కూడా ఇంటి నుంచే. కార్డు దాదాపు అంతటా నడుస్తుంది, అయినా పది, ఇరవై డాలర్ల నోట్లు కొన్ని జేబులో ఉంచుకోండి.

పిల్లల చేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి. తప్పిపోతే రోడ్డు మీదకి వెళ్లకుండా దగ్గర్లో ఉన్న కొట్టు మనిషికి చెప్పమని నేర్పండి. షెడ్లకి ఇంగ్లీషు అక్షరాల గుర్తులుంటాయి, ఒకటి అనుకుని అక్కడ కలుద్దామని పెద్దవాళ్లకీ చెప్పండి. వాళ్ల ఫోన్‌లో ఇక్కడి సిమ్ ఉందో లేదో చూసుకోండి. ఇంకో ముక్క: ఈ మార్కెట్ కొంత భాగం మెల్‌బోర్న్ పాత శ్మశానం మీద కట్టింది, ఇంకా వేలమంది అస్థికలు ఆ నేల కిందే ఉన్నాయి. పెద్దవాళ్లకి చెప్పాలనుకుంటే ఇంటికొచ్చి స్నానాలయ్యాక చెప్పండి.

గోంగూర, దొండకాయల కోసమైతే ఇంత దూరం అక్కర్లేదు, మన వాళ్ల కొట్లు చాలు. జనం, గోల పడనివాళ్లు గురువారమో శుక్రవారమో పొద్దున్నే వెళ్లండి. చవకే ముఖ్యమైతే ఆదివారం మూసే ముందు ఒక గంట చూడండి, సంచి రెండు డాలర్లని అరుస్తూ టమాటాలు, క్యాప్సికమ్ వదిలించుకుంటారు. పైన గట్టివి, కింద మెత్తబడినవి కలిసే ఉంటాయి. ఆ రాత్రే పచ్చడి చేసే ఓపిక ఉంటేనే కొనండి.