ఫ్రాన్స్‌లో చదువుకుంటూ నలుగురిలో కలవడం ఎలా

ఫ్రాన్స్‌లోని విశ్వవిద్యాలయాల్లో సెప్టెంబరులో తరగతులు మొదలవుతాయి. అక్టోబరు చివరికల్లా ఎవరి స్నేహబృందం వారికి ఏర్పడిపోతుంది. వీసా ఆలస్యమై, ఇల్లు దొరక్క, బ్యాంకు ఖాతా కోసం తిరుగుతూ ఆ రెండు నెలలూ గడిపేసిన మన విద్యార్థులు చాలామందికి నవంబరు వచ్చేసరికి తోటి తెలుగువారు తప్ప పలకరించే మనిషి ఉండడు. కొంచెం ముందుగా తెలుసుకుంటే ఈ ఒంటరితనాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు. ఫ్రెంచివారు తొలి పరిచయంలో బిగదీసుకున్నట్టు కనిపిస్తారు, కానీ వారం వారం ఒకే చోట కనిపించే మనిషికి నెమ్మదిగా దగ్గరవుతారు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని మీ వారాన్ని ఏర్పాటు చేసుకోండి.

అన్నిటికన్నా ముందు పలకరింపు. దుకాణంలోకి అడుగు పెట్టగానే, బస్సు ఎక్కగానే, కార్యాలయంలో గుమాస్తా ఎదుట నిలబడగానే 'బోంజూర్' (నమస్కారం) అనాలి; సాయంత్రం ఆరు దాటాక 'బోంస్వార్' (శుభ సాయంత్రం). రొట్టెల దుకాణంలో వరుస కదిలి మీ వంతు వచ్చినప్పుడు నేరుగా 'ఒక బాగెట్' (పొడవాటి రొట్టె) అని అడిగితే, అమ్మే ఆవిడ మీ ముఖం చూసి తానే 'బోంజూర్' అని, మీరు బదులు చెప్పేదాకా ఆగవచ్చు. అది కోపం కాదు, పలకరింపు పూర్తయ్యాకే పని మొదలవ్వాలన్నది అక్కడి మర్యాద. 'బోంజూర్ మదామ్, యూన్ బాగెట్, సిల్ వూ ప్లే' (నమస్కారమండీ, దయచేసి ఒక బాగెట్ ఇవ్వండి) అని అడిగి, వెళ్ళేటప్పుడు 'మెర్సీ, బోన్ జుర్నే' (ధన్యవాదాలు, శుభదినం) అంటే చాలు. నాలుగోసారికి ఆవిడే మిమ్మల్ని గుర్తుపట్టి పలకరిస్తుంది. భాష అంతగా రానివారికి కూడా ఈ నాలుగు మాటలు చేసే మేలు ఇంతా అంతా కాదు.

సాటి విద్యార్థులను మొదటి రోజు నుంచే 'త్యూ' (నువ్వు) అని పిలవవచ్చు. వయసులో మీకన్నా పదేళ్ళు పెద్ద అయినా తరగతిలో తోటివాడే. అధ్యాపకులను, అధికారులను, ఇరుగుపొరుగు పెద్దలను మాత్రం వారంతట వారు చనువు ఇచ్చేవరకు 'వూ' (మీరు) అనే సంబోధించాలి. బుగ్గకు బుగ్గ ఆనించే 'బీజ్' పద్ధతి ఊరిని బట్టి మారుతుంది: పారిస్‌లో రెండుసార్లు, మోంపెలియే ప్రాంతంలో మూడుసార్లు. ఇబ్బందిగా అనిపిస్తే ముందుగానే చిరునవ్వుతో చేయి చాపండి, ఎవరూ తప్పు పట్టరు. అయితే మిత్రులు కూడిన గదిలోకి వెళ్ళినప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ అందరికీ కలిపి ఒకసారి చేయి ఊపేసి ఊరుకోకూడదు. ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి పలకరించడం వారి అలవాటు, చాలా స్నేహాలకు అదే మొదటి మెట్టు.

తరగతుల విషయానికి వస్తే, వందలమంది కూర్చునే పెద్ద ఉపన్యాసశాలలో ఎవరూ ఎవరికీ పరిచయం కారు. 'తేదే' అని పిలిచే చిన్న బృందాల తరగతుల్లో, ముఖ్యంగా కలిసి చేయాల్సిన ప్రాజెక్టుల్లో స్నేహం పుడుతుంది. జట్టు కట్టమన్నప్పుడు మన భారతీయులందరం ఒకవైపు చేరిపోవడం సహజమే అయినా, కనీసం ఒక సబ్జెక్టులోనైనా ఫ్రెంచి విద్యార్థులతో కలవండి. వారి వేగానికి మాట అందకపోతే 'మెల్లగా చెప్తావా' అని అడగడానికి మొహమాటపడవద్దు. తరగతి మధ్యలో విరామం ఇచ్చినప్పుడు అందరూ లేచి కాఫీ యంత్రం దగ్గరకో ఆరుబయటకో వెళ్తారు. కాఫీ, సిగరెట్ల అలవాటు లేకపోయినా వారితో పాటు వెళ్ళి నిలబడండి. తరగతి వాట్సాప్ బృందంలో ఎవరు ఉన్నారు, శనివారం ఎవరు ఎక్కడికి వెళ్తున్నారు అన్నవన్నీ ఆ పది నిమిషాల్లోనే తెలుస్తాయి.

మధ్యాహ్న భోజనం మరో మంచి అవకాశం. పన్నెండు దాటగానే క్యాంపస్ అంతా క్రూస్ అనే ప్రభుత్వ విద్యార్థి సేవల సంస్థ నడిపే భోజనశాల వైపు కదులుతుంది. 2020లో స్కాలర్‌షిప్ విద్యార్థులకు ఒక యూరోకే భోజనం పెట్టడం మొదలైంది. ఇప్పుడు మీకు ఏ ధర వర్తిస్తుందో క్రూస్ వెబ్‌సైటులో చూసుకుని, డబ్బు కట్టడానికి ఇజ్లీ ఖాతాను మొదటి వారంలోనే తెరిచిపెట్టుకోండి. శాకాహారులకు ఏదో ఒక వంటకం సాధారణంగా ఉంటుంది, రుచి మాత్రం చప్పగానే ఉంటుంది. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేవారు కూడా గదికి పోయి ఒంటరిగా తినకుండా, క్యాంపస్‌లో మైక్రోవేవ్ ఎక్కడ ఉందో కనుక్కుని నలుగురి మధ్య కూర్చుని తింటే మంచిది.

నమోదు సమయంలో మీరు కట్టే సీవెక్ రుసుము, 2025-26లో 105 యూరోలు, క్యాంపస్‌లోని ఆటలకు, సంస్కృతికి, ఆరోగ్య సేవలకు వెళ్తుంది. డబ్బు ఎలాగూ కట్టారు కాబట్టి విశ్వవిద్యాలయ క్రీడా విభాగంలో ఒక ఆటకు పేరు ఇవ్వండి. బ్యాడ్మింటన్ లాంటి వాటికి చోటు త్వరగా నిండిపోతుంది కనుక నమోదు ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కోవాలి. చాలా చోట్ల గురువారం మధ్యాహ్నాలు ఆటల కోసం ఖాళీగా ఉంచుతారు. లాభాపేక్ష లేని సంఘాల కోసం చేసిన 1901 నాటి చట్టం కింద నడిచే విద్యార్థి సంఘాలు కూడా ఉంటాయి: నాటకం, వంట, కొండలెక్కడం, చర్చలు, ఏదైనా సరే. ఎరాస్మస్ స్టూడెంట్ నెట్‌వర్క్ శాఖ మీ ఊరిలో ఉంటే విదేశీ విద్యార్థులకు అది మంచి ప్రారంభం, కానీ అక్కడే ఆగిపోకండి. కొత్తవారి స్వాగత కార్యక్రమాల పేరుతో ఎవరైనా మిమ్మల్ని అవమానించే పనులు చేయమంటే గట్టిగా వద్దని చెప్పండి; 1998 నుంచి అక్కడ ర్యాగింగ్ నేరం.

చిన్న ఊళ్ళలో చదివేవారు ఒక లయను తప్పక గమనించాలి. చాలామంది ఫ్రెంచి విద్యార్థులు శుక్రవారం సాయంత్రం పెట్టె సర్దుకుని రైలెక్కి ఇంటికి పోతారు. అందుకే విద్యార్థుల సందడి గురువారం రాత్రి ఉంటుంది. 'శని, ఆదివారాల్లో కలుద్దాం' అని మన అలవాటు కొద్దీ అడిగితే, ఇష్టం ఉన్నా రాలేరు. బుధ, గురువారాలకు అడగండి, అదీ వారం ముందుగా. అప్పటికప్పుడు తలుపు తట్టే అలవాటు అక్కడ లేదు. ఇక ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి కూరగాయలు శనివారమే తెచ్చుకుని, ఆదివారం పొద్దున సంత ఉంటే అక్కడికి వెళ్ళండి. 26 ఏళ్ళ లోపు వయసుండి దీర్ఘకాల వీసాతో అక్కడ నివసించే విద్యార్థులకు లూవ్ర్‌తో సహా జాతీయ మ్యూజియంలలో శాశ్వత ప్రదర్శనలు ఉచితం. ఎవరినైనా బయటికి పిలవడానికి ఖర్చు లేని మార్గం ఇది.

'అపెరో'కు రమ్మని పిలిస్తే అది పూర్తి భోజనం కాదని గ్రహించండి. సాయంత్రం ఏడు ప్రాంతంలో పానీయాలు, చిరుతిండి పెట్టి కబుర్లు చెప్పుకునే కూడిక అది. పిలిచిన వేళకు పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్ళడమే మర్యాద, ముందుగా మాత్రం వెళ్ళకూడదు. ఖాళీ చేతులతో వెళ్ళక, ఒక సీసా పండ్లరసమో కొంచెం చీజో తీసుకెళ్ళండి. పూలు ఇవ్వాలనుకుంటే చామంతులు వద్దు, అవి అక్కడ నవంబరు 1న సమాధుల మీద పెట్టేవి. మద్యం ముట్టనివారు 'నేను తాగను' అని ఒక్క మాటలో చెప్పి పండ్లరసం పోసుకుంటే సరిపోతుంది, సంజాయిషీ అక్కర్లేదు. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివారి కళ్ళలోకి చూడటం ఆచారం. జీతం, ఇంటి అద్దె, పెళ్ళి, మతం గురించి తొలి పరిచయంలో అడగకండి. రాజకీయాలు, సినిమాలు, తిండి మీద మాత్రం వారు గట్టిగా వాదిస్తారు. మీ మాట కాదన్నంత మాత్రాన మీమీద కోపం ఉందని అనుకోవద్దు. బయట తిన్నప్పుడు ఎవరి వాటా వారు ఇచ్చుకుంటారు, ట్రైకౌంట్ లాంటి యాప్‌లో లెక్క రాసుకుంటారు. అందరి బిల్లూ మీరే కట్టేస్తామని పట్టుబడితే వారికి ఇబ్బందే.

తెలుగు మిత్రులను వదులుకోమని నేను అనను. జ్వరం వచ్చిన రోజున రసం కాచి తెచ్చేది వారే. కానీ ఆ వలయంలోకి ఇతరులనూ పిలవండి: పారిస్‌లోని లా షాపెల్ దగ్గర వేసవి చివర జరిగే వినాయక రథోత్సవానికి ఫ్రెంచి మిత్రులను తీసుకెళ్తే, వారు అడిగే ప్రశ్నలతో ఆ రోజు ఇట్టే గడిచిపోతుంది. నవంబరు, డిసెంబరుల్లో పొద్దు త్వరగా పోయి మనసు బరువెక్కితే, లోపల అణచుకోకుండా విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. 2021లో ప్రారంభమైన 'సాంతే ప్సీ ఎత్యుదియాఁ' పథకం కింద విద్యార్థులు మనస్తత్వ నిపుణుడిని ఉచితంగా కలవవచ్చు. అక్కడ దాన్ని ఎవరూ వింతగా చూడరు.

పిలిస్తే వెళ్ళడమే కాదు, మీరూ పిలవాలి. పదిమందికి బిర్యానీ వండనక్కర్లేదు, ముగ్గురికి పప్పు, అన్నం, ఒక వేపుడు చాలు. ఎవరికి ఏది పడదో ముందే అడగండి, కారం సగానికి తగ్గించండి, పచ్చడి విడిగా పెట్టండి. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా గోల చేస్తే పోలీసులు జరిమానా వేయవచ్చు, పగటిపూట కూడా పొరుగువారు ఊరుకోరు. అందుకే రెండు రోజుల ముందు లిఫ్టు పక్కన 'గురువారం సాయంత్రం మా ఇంటికి మిత్రులు వస్తున్నారు, ఇబ్బందైతే తలుపు తట్టండి' అని పేరు, ఫ్లాటు నంబరుతో ఒక కాగితం అంటించండి. పది కాగానే కిటికీలు మూసి, సంగీతం తగ్గించండి.