పండగ సేల్ ముందు కొత్త డిజైన్ సిస్టమ్ తెస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

దసరా, దీపావళి సేల్ దగ్గర పడేసరికి చాలా కంపెనీల్లో ఒక ఆలోచన వస్తుంది. ఎలాగూ కొత్త స్క్రీన్లు చేస్తున్నాం కదా, పనిలో పనిగా అన్ని టీముల్నీ కొత్త డిజైన్ సిస్టమ్ (యాప్‌లన్నీ కలిసి వాడుకునే బటన్లు, ఫారాలు, రంగుల లైబ్రరీ) మీదకి తెచ్చేస్తే పోలా అని. దయచేసి ఇప్పుడు ఆ పని పెట్టుకోకండి. సేల్ రోజు రాత్రి పేమెంట్ బటన్ పనిచేయకపోతే అసలు కారణం ఏదైనా సరే, అందరి వేళ్లూ కొత్తగా వచ్చిన కాంపోనెంట్ (బటన్ లాంటి రెడీమేడ్ భాగం) వైపే తిరుగుతాయి, ఆ తర్వాత ఆ టీమ్‌ని మళ్లీ ఒప్పించడం చాలా కష్టం. బటన్లు, ఫారాలు, రంగులు ఒకచోట చేర్చి లైబ్రరీ తయారు చేయడం ఎవరైనా చేస్తారు. వాడేవాళ్ల నమ్మకం పోకుండా చూసుకోవడమే గట్టి పని. కాబట్టి రిలీజ్ ఫ్రీజ్‌కి (సేల్ కోసం కొత్త మార్పులు పంపడం ఆపేసే రోజుకి) కనీసం నెల ముందే పెద్ద మార్పులు ఆపేయండి, కుదరకపోతే పండగ అయ్యాకే మొదలుపెట్టండి.

ఇప్పటికే మొదలుపెట్టేసి ఉంటే ముందు వెర్షన్ సంగతి చూడండి. ప్రతి యాప్‌లోనూ ప్యాకేజీ వెర్షన్ పిన్ చేసి ఉండాలి (దానంతట అది మారకుండా ఒకే నంబర్ దగ్గర కట్టేయాలి), ఏ వెర్షన్లు వాడుతున్నామో రాసి ఉండే లాక్ ఫైల్ కూడా కోడ్ దాచే రిపోలో ఉండాలి. అంతటితో సరిపోదు, ఆ వెర్షన్ లోపల ఏముందో కూడా తెలియాలి. 2018 డిసెంబర్ 25న యాంట్ డిజైన్ లైబ్రరీ వాడుతున్న సైట్లలో ఉన్నట్టుండి బటన్ల మీద మంచు కనిపించింది, మౌస్ పెడితే ‘హో హో హో’ అని వచ్చింది. తేదీ చూసి పనిచేసే కోడ్ ముందే లోపల ఉంది, వాడేవాళ్లకి మాత్రం ఎవరూ చెప్పలేదు. మీరు డిజైన్ సిస్టమ్ టీమ్‌లో ఉంటే దీన్ని గుర్తుపెట్టుకోండి: చెప్పకుండా ఒక్క పిక్సెల్ కూడా మార్చకూడదు. పాత కాంపోనెంట్ తీసేస్తున్నారంటే ఏ తేదీకి తీసేస్తారో, బదులు ఏం వాడాలో ముందే రాసి పెట్టండి.

ఇక తెలుగు. మన దగ్గర ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే, ఎందుకంటే కాంపోనెంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే తయారవుతాయి, తెలుగు చివర్లో వచ్చి పడుతుంది. లైన్ హైట్ (ఒక్కో వరుసకిచ్చే ఎత్తు) అక్షరం సైజుకి 1.2 రెట్లు పెడితే ఇంగ్లీషు చక్కగానే ఉంటుంది, అదే ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలకి కింద ఒత్తులు తెగిపోతాయి, లేదా కింది లైన్ గుడులకి తగులుతాయి. బటన్ ఎత్తు, వెడల్పు ఫిక్స్ చేసేస్తే ‘కొనుగోలు చేయండి’ అన్న మాట సగంలో ఆగిపోయి చుక్కలు వస్తాయి. ఇంగ్లీషు కోసం పెట్టిన లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఎడం) తెలుగుకి తీసేయండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం చూపించబోయి ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేయాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీకే తప్పనప్పుడు మనం ఒత్తులున్న మాటలతో, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో చూడకుండా ‘అయిపోయింది’ అని ఎలా అంటాం?

పండగ రంగులతో కూడా జాగ్రత్త. బంతిపూల పసుపు మీద తెల్ల అక్షరాలు బ్యానర్‌లో అందంగా అనిపిస్తాయి కానీ చదవలేం. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణం. టోకెన్‌లో (యాప్‌లన్నీ రంగు తీసుకునే ఉమ్మడి పేరులో) ఒక్క రంగు తప్పు పెడితే అన్ని యాప్‌లలోనూ ఒకేసారి తప్పు వస్తుంది.

టీముల్ని ఒప్పించే సంగతికొస్తే, ‘ఇక నుంచి అందరూ ఇదే వాడాలి’ అని పైనుంచి మెయిల్ పెట్టించకండి. పైకి సరే అంటారు, డిజైన్లు గీసే ఫిగ్మా టూల్‌లో కాంపోనెంట్ డిటాచ్ చేసి (లైబ్రరీతో దాని లింకు తెంపేసి) తమకి కావలసినట్టు మార్చుకుంటారు. అలా చేసినవాళ్లని నిలదీయకుండా, ఏది కుదరక డిటాచ్ చేశారో కూర్చుని అడగండి, లోపం దాదాపు ఎప్పుడూ మన కాంపోనెంట్‌లోనే బయటపడుతుంది. 2018లో వచ్చిన బ్రిటన్ ప్రభుత్వ డిజైన్ సిస్టమ్‌లో నాకు బాగా నచ్చేది వాళ్లు కారణాలు చెప్పే తీరు. అంకెలు రాసే పెట్టెకి నంబర్ టైప్ మానేసి, టెక్స్ట్ పెట్టెకే అంకెల కీబోర్డు వచ్చేలా 2020లో మార్చారు. మౌస్ చక్రం తిరిగితే తెలియకుండానే అంకె మారిపోతోందని, కొన్ని సహాయక సాఫ్ట్‌వేర్‌లతో ఇబ్బంది ఉందని అందరికీ తెలిసేలా రాశారు. కారణం తెలిస్తే డెవలపర్ వాదించడు, తనే వెళ్లి పక్క టీమ్‌కి చెప్తాడు.

మొదటి టీమ్‌ని ఎంచుకునేటప్పుడు చెకౌట్ (డబ్బు కట్టే పేజీల) జోలికి పోకండి, సెట్టింగ్స్ లేదా హెల్ప్ పేజీలతో మొదలుపెట్టండి. వాళ్లు అడిగిన ప్రశ్నకి అదే రోజు జవాబు వెళ్లాలి. ఎన్ని శాతం స్క్రీన్లు మారాయన్న లెక్కని టార్గెట్‌గా పెట్టొద్దు, నంబర్ కోసం పైపైన మార్చేస్తారు.

ఫ్రీజ్‌కి ముందు వారం స్టేజింగ్‌లో (అసలు సైట్‌కి ముందు పరీక్షించే కాపీలో) పాత వెర్షన్‌కి ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. సేల్ రాత్రి ఆ పని ఎవరు చేస్తారో, వాళ్ల ఫోన్ దొరక్కపోతే ఇంకెవరు చేస్తారో పేర్లతో సహా ప్రతి టీమ్ లీడ్‌కీ పంపండి.