పరుగు లెక్కలు – 4వ పాఠం: 58 నిమిషాల వాళ్లు అట్టడుగుకు ఎందుకు పోయారు?

పోయినసారి మారథాన్ ఫలితాల ఫైల్లోంచి 10కె (10 కిలోమీటర్ల పరుగు) వాళ్లను తీసి, టైమ్ ప్రకారం పేర్చి, ఒక్కొక్కరి పేస్, అంటే కిలోమీటరుకు పట్టిన టైమ్, కట్టమన్నాను. వచ్చిన షీట్లలో చాలావాటిలో గంటా నాలుగు నిమిషాల వాళ్లు పైనున్నారు, 58 నిమిషాల్లో ముగించినవాళ్లు అట్టడుగున ఉన్నారు. కొందరికి పేస్ కిలోమీటరుకు 5 గంటల 50 నిమిషాలని వచ్చింది, అయినా అలాగే పంపేశారు. అలిపిరి నుంచి కపిలతీర్థం దాకా పాక్కుంటూ వెళ్లినా అంతసేపు పట్టదు. వచ్చిన జవాబు మనిషికి సాధ్యమా కాదా అని ఒక్కసారి చూసుకోండి. ఆ తర్వాతే ఫార్ములా సంగతి.

స్ప్లిట్లు, అంటే పరుగులో ఒక్కో ముక్కకు పట్టిన టైమ్‌లు, మొదలుపెట్టే ముందు ఈ చిక్కు విప్పాలి. ఇది వదిలేస్తే ఇకపై వేసే ప్రతి లెక్కా తప్పే.

గంట దాటినవాళ్ల టైమ్ ఫైల్లో 1:04:10 అని మూడు ముక్కలుగా ఉంటుంది. గంట లోపు వచ్చినవాళ్లది 58:20 అని రెండే ముక్కలు. చదివే మనకు అది 58 నిమిషాల 20 సెకన్లు. ఎక్సెల్ మాత్రం ఇలాంటిదాంట్లో మొదటి ముక్కను గంటలనే అనుకుంటుంది కాబట్టి 58 గంటల 20 నిమిషాలని రాసుకుంటుంది. ఆ గడి మీద క్లిక్ చేసి పైన ఫార్ములా బార్‌లో చూడండి, అసలు సంగతి తెలిసిపోతుంది. గడి ఫార్మాట్ మార్చినంత మాత్రాన ఇది పోదు. ఫార్మాట్ మారిస్తే కనిపించే తీరు మారుతుంది, లోపలున్న విలువ మారదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఎక్సెల్ దృష్టిలో ఒక రోజు అంటే 1. గంట అందులో 24వ వంతు. కాబట్టి 58 గంటలు పైచిలుకు అంటే లోపల 2.43 ఉంటుంది. 1:04:10కి 0.0446 ఉంటుంది. చిన్నది పైకి, పెద్దది కిందికి పేర్చమంటే వేగంగా పరుగెత్తినవాళ్లు కిందికి పోక ఏమవుతారు?

నేనైతే ఫైలు తెరవగానే ప్రతి టైమ్‌నూ సెకన్లలోకి మార్చేస్తాను. గంటలూ నిమిషాలూ చివర్లో చూపించడానికే, లెక్కంతా సెకన్లలోనే. పక్కన కొత్త కాలమ్ పెట్టి ఇఫ్ ఫార్ములా రాయండి: విలువ 0.5 దాటితే 60తో భాగించాలి, దాటకపోతే అలాగే ఉంచాలి, వచ్చినదాన్ని 86,400తో గుణించాలి. రోజుకు అన్ని సెకన్లు. 0.5 అంటే 12 గంటలు. 10కెకి ఎవరికీ అంతసేపు పట్టదు కాబట్టి, అది దాటిందంటే నిమిషాలు గంటలైపోయాయని అర్థం. టైమ్ గడిలో ఎడమవైపుకి అతుక్కుని ఉంటే అది అంకె కాదు, టెక్స్ట్. ముందు దాన్ని 1తో గుణించండి. కొత్త కాలమ్ ఫార్మాట్ జనరల్‌గా ఉండాలి. 58:20కి 3,500, 1:04:10కి 3,850 వస్తే సరిగ్గా చేసినట్టే.

ఇదే కుటుంబంలో ఇంకో తప్పుంది. 3,500 సెకన్లను 10తో భాగిస్తే 350. దాన్ని 60తో భాగిస్తే 5.83. చాలామంది దీన్ని 5:83 అని రాశారు. నిమిషంలో 83 సెకన్లు ఎక్కడివి? 0.83 నిమిషమంటే 50 సెకన్లు. 350లో 60 ఐదుసార్లు పోతే శేషం 50, పేస్ 5:50. దశాంశాల జోలికే పోకుండా భాగఫలం, శేషం తీసుకోండి.

ఇక స్ప్లిట్లు. సగటు పేస్ ఒక్కటే చూస్తే పరుగు ఎలా సాగిందో తెలియదు. అలిపిరి మెట్ల దారి ఎక్కినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గాలిగోపురం దాకా నిలువునా ఎక్కాలి, తర్వాత చాలా దూరం చదును, మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ ఒగర్పు. 3,550 మెట్లకు పట్టిన మొత్తం టైమ్ చెబితే ఇందులో ఏ ముక్కా కనబడదు.

అందుకే రెండో సగానికి పట్టిన టైమ్‌ను మొదటి సగం టైమ్‌తో భాగిస్తాం. 1 కన్నా తక్కువొస్తే చివర్లో వేగం పెరిగింది, ఎక్కువొస్తే తగ్గింది. 2023 షికాగో మారథాన్‌లో కెల్విన్ కిప్టుమ్ మొదటి సగం 60:48, రెండో సగం 59:47, మొత్తం 2:00:35. సెకన్లలో 3,648, 3,587. నిష్పత్తి 0.983. అంతకుముందు 2022 బెర్లిన్‌లో ఎలియుడ్ కిప్చోగే మొదటి సగం 59:51, మొత్తం 2:01:09. రెండో సగం మీరే తీయండి, నిష్పత్తి 1.024 రావాలి. రెండూ అప్పటికి ప్రపంచ రికార్డులే, నడక మాత్రం వేరు. 2:05:00కి సగం దాటి 4:40:00కి చేరిన మామూలు రన్నర్‌కి 1.24 వస్తుంది. మొదట్లో తొందరపడి, ఆఖర్లో కాళ్లీడ్చినట్టు. నాకు ఫైల్లో అన్నిటికన్నా ఇష్టమైన కాలమ్ ఇదే.

గన్ టైమ్ పోటీ మొదలైన క్షణం నుంచి లెక్క, చిప్ టైమ్ ఆ రన్నర్ స్టార్ట్ గీత దాటినప్పటి నుంచి లెక్క. హాఫ్ స్ప్లిట్‌ను గన్ నుంచి, ఫినిష్‌ను చిప్ నుంచి తీసుకుంటే ఈ నిష్పత్తి పాడవుతుంది. రెండూ చిప్‌వే కావాలి.

ఐదేసి కిలోమీటర్ల స్ప్లిట్లలో మరో జాగ్రత్త. మారథాన్ 42.195 కిలోమీటర్లు, అంటే ఐదేసివి ఎనిమిది, చివర 2.195 ముక్క ఒకటి. తొమ్మిది పేస్‌లూ కూడి తొమ్మిదితో భాగించకండి. ఎనిమిదింట్లో 6:00, చివరి ముక్కలో 7:30 పేస్ ఉన్న మనిషికి అలా చేస్తే 6:10 వస్తుంది. మొత్తం సెకన్లను మొత్తం దూరంతో భాగిస్తే వచ్చే అసలు పేస్ 6:05. ఫినిష్ టైమ్‌లో ఇది మూడున్నర నిమిషాల పైమాట.

దారిలో టైమ్ పట్టే మ్యాట్ మీద రన్నర్ చిప్ రీడ్ కాని చోట సున్నా పెట్టకండి, గడి ఖాళీగా వదలండి. యావరేజ్ ఫార్ములా ఖాళీని వదిలేస్తుంది, సున్నాను లెక్కలోకి తీసుకుంటుంది. 35 నుంచి 40 కిలోమీటర్ల సగటు తీసేటప్పుడు ఇంకో సంగతి: మధ్యలో ఆగిపోయినవాళ్లు అందులో లేరు. 10వ కిలోమీటరు దగ్గరి సగటుతో పోల్చాలంటే రెండుచోట్లా అవే బిబ్ నంబర్లు (రన్నర్ల చొక్కా మీది నంబర్లు) ఉండాలి. లేకపోతే అలసిపోయినవాళ్లు తప్పుకోవడం వల్ల గుంపు అంతగా నెమ్మదించలేదన్నట్టు కనిపిస్తుంది.

అభ్యాసం: ముగ్గురు ఫుల్ మారథాన్ రన్నర్లు. ఒకరు సగం 1:58:40, ఫినిష్ 4:02:10. ఇంకొకరు 2:14:05, 4:28:00. మూడోవారు సగం 2:05:00, ఫినిష్ ఖాళీ. ముందు కాగితం మీద, తర్వాత షీట్లో నిష్పత్తులు కట్టండి. ఆపైన ఏదైనా మారథాన్ ఫలితాలు దించుకుని, స్ప్లిట్లన్నీ ఉన్న 200 మందిని తీసుకోండి. మొదటి సగం టైమ్ ప్రకారం వాళ్లను నాలుగు గుంపులు చేసి, ఏ గుంపులో నిష్పత్తి ఎక్కువగా చెదిరిందో చూడండి. రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. మొదటి లెక్కలో 1.041, రెండోదాంట్లో 0.999 రాకపోతే 200 మంది జోలికి వెళ్లకండి, సెకన్ల కాలమ్ దగ్గరికి తిరిగి రండి.